తెల్ల నూలు పువ్వు

షాంఘైలో ఒక ఇరుకు సందు, మేడమీది గది. పార్టీ కేంద్ర కమిటీ నాయకుడూ, పోలీసుల కళ్లుగప్పడానికి పార్టీ అతని పక్కన భార్యగా నిలబెట్టిన మిల్లు కార్మికురాలూ మధ్యాహ్నం అన్నానికి కూర్చున్నారు.

"కొప్పులో ఆ తెల్ల నూలు పువ్వు తీసెయ్యండి, కామ్రేడ్."

"ఊళ్లో తిరుగుబాటు నడుపుతూ నా మొగుడు పోయి మూడు రోజులే అయింది."

"ఈ సందులో అందరి లెక్కకీ మీ మొగుణ్ణి నేనే కదా! నేను బతికుండగా మీరు చావు పువ్వు పెట్టుకుంటే అనుమానం రాదూ? కమిటీ మొత్తం దొరికిపోతుంది."

"తీస్తాలెండి. ముందిది చెప్పండి. తుపాకుల్లేవు, ఇప్పుడే తిరగబడొద్దని ఆయన మీకు రెండుసార్లు కబురు పెట్టాడా లేదా?"

"పెట్టాడు."

"తిరగబడి తీరాలని మీరు రాసిన ఆర్డరు నా కోటు అంచులో కుట్టుకుని నేనే మోసుకెళ్లి ఆయనకిచ్చాను. మరి పొద్దున తీర్మానంలో ఏం రాశారు?"

"అక్కడి నాయకుడి పిరికితనం వల్ల ఓడిపోయామని."

"మొదటి తూటా తగిలింది ఆ పిరికివాడికే."

"కమిటీయే తప్పు చేసిందంటే రేపు మన మాట ఎవరు వింటారు, కామ్రేడ్?"

"అవున్లెండి. పోయినవాడైతే ఎదురు చెప్పడు."

తలుపు చప్పుడైంది. బయటినుంచి పక్కింటావిడ గొంతు.

"అమ్మాయ్, మీ ఆయన ఉన్నాడా?"

ఆమె పువ్వు తీసి అతని చేతిలో పెట్టి, తలుపు వైపు నడిచింది.

"ఉన్నారు పిన్నిగారూ. మా ఆయనకేం, నిక్షేపంలా ఉన్నారు."