బానెట్ కింద షపాన్ కోటు

బానెట్ అలా ఎత్తి పట్టుకుంటే చెయ్యి నొప్పెడుతుంది బావగారూ, ఆ ఊచ తగిలించండి. చూసేశారుగా, ఇంక మూసి మాత్రం ఏం లాభం?

అవునండీ, షపానే. మొన్న మనవడి ఉయ్యాల వేడుకలో పదిమంది ముందు మీరు నా భుజాల మీద కప్పారే, ఆ జరీ కోటే. కాదని ఎలా బొంకను? గొర్రె కొమ్ముల ఆకారంలో అల్లిన జరీ ఫిల్టర్ పక్కనే కనబడుతోందాయె!

ఏం చెయ్యమంటారు చెప్పండి. గ్యారేజీ వాళ్ళ మాట విని, ఇంజిన్‌కి గాలి అందించే కంపెనీ డబ్బా పీకేసి, మూత లేని పెద్ద ఫిల్టర్ బిగించా. బండి గుర్రంలా లాగుతుందన్నారు. లాగింది, పొద్దున పూట. మధ్యాహ్నం ఈ షిమ్కెంట్ ఊరి ఎండలో సిగ్నల్ దగ్గర ఆగితే చాలు, ఇంజిన్ తన వేడిగాలి తనే పీల్చుకునేది. ఇంక ఎత్తెక్కమంటే నాలాగే రొప్పేది.

రేకు అడ్డం పెట్టా. రేకే కాలింది. మందంగా దూది ఉండాలనిపించింది. మన ఇళ్ళల్లో దూది కుక్కిన షపాన్లకి కరువా? ప్రతి విందుకీ ఒకటి కప్పుతారు, ఎవడూ తొడుక్కోడు. నా బీరువాలో పదకొండున్నాయి. పైనున్నది లాగాను. కత్తిరించి, ఫిల్టర్ చుట్టూ గూడులా కుట్టి, ఇంజిన్ వైపు వెండికాగితం అంటించా. అరవై రెండు డిగ్రీల గాలి నలభై ఒకటికి దిగింది!

నవ్వరేం?

సరే, తిట్టాలనుంటే నన్ను తిట్టండి. ఇంట్లో మా అమ్మాయి అక్‌బోతా ముందు మాత్రం ఈ మాట ఎత్తకండి. మీకు టీ గిన్నె అందించేటప్పుడు ఆ పిల్ల తల దించుకోకూడదు. మీ కోడలేగా ఇప్పుడు.

ఇంకోటి కూడా ఉంది. చెప్పకూడదనుకున్నా.

కత్తెర వేసి లోగుడ్డ విప్పానా, మెడ దగ్గర చిన్న నీలం పూస. దిష్టి తగలకుండా మా ఆవిడ ఉల్‌జాన్ తను కుట్టిన ప్రతి కోటులో అలా దాచేది. అక్‌బోతా పెళ్ళిలో మేం మీకు పెట్టిన కోటది. మీరు మళ్ళీ నాకే కప్పారు.

అబ్బే, తప్పుపట్టట్లేదు. నేను మాత్రం అలా ఎన్ని తిప్పలేదు?

కాకపోతే, ఉల్‌జాన్ పోయాక ఇంట్లో తన చేతికుట్టు ఒక్కటీ లేదు బావగారూ. అన్నీ ఎవరెవరికో పెట్టేశాం. మిగిలింది ఇదొక్కటే.

పూస చూశాక ఆపొచ్చుగా అంటారు. అప్పటికే సగం కోసేశా. పూస తీసి జేబులో వేసుకున్నా. తర్వాత మిగతా సగమూ కోశా. కొలత సరిపోవాలిగా.