దేబిరించడమంటే

"జేజీ, దేబిరించడమంటే ఏంది? బళ్ళో అడిగితే చెప్పలేకపోయినా."

దేబిరించడమా? కాళ్ళావేళ్ళా పడి అడుక్కోవడం పాపా. మా మామ, అదే, మీ నాయనకు అబ్బ, ఆయన చెప్పేటోడు. 'దేవరా, దేవరా' అని అడగడం దేవురించడమంట, అది జనం నోళ్ళల్లో నలిగి దేబిరించడమయ్యిందంట. నిజమో కాదో, సదువుకున్నోళ్ళను అడుగు. మామకు మాత్రం 'దేవరా' అనిపించుకోవడం బాగా అలవాటు. పనోళ్ళు తువ్వాల సంకలో పెట్టుకోని 'దేవరా' అంటేనే గానీ తలెత్తి చూసేటోడు కాదు.

మీ నాయన నా కడుపులో ఉండాడు. మీ అబ్బ, అదే నా పెనిమిటి, ఊళ్ళో లేడు, బద్వేలులో వాళ్ళక్క కాడికి పోయినాడు. పొద్దున్నే నొప్పులొచ్చినాయి. మధ్యాన్నమైనా కాన్పు కాలా. మంత్రసాని సుబ్బమ్మ, "పెద్దాయనా, ఇంక నా చేతుల్లో లేదు, రాజంపేటకు ఎత్తకపోండి" అనింది. ఎద్దులబండిలో పండబెట్టి మంగంపేట రోడ్డు కాడికి తెచ్చినారు. బస్సు యాడుండాది? ఎప్పుడో పోయింది. గనుల కాడి నుంచి ముగ్గురాయి లారీ ఒకటొస్తే మామ అడ్డం నిలబడినాడు.

డ్రైవరు తల బయటపెట్టి, "మనుషుల్ని ఎక్కిస్తే ఓనరు నన్ను పనిలోంచి తీసేస్తాడు. తప్పుకో పెద్దాయనా" అన్నాడు.

మామ భుజం మింద తువ్వాల తీసినాడు. సంకలో పెట్టుకోని, రెండు చేతులూ జోడించి, "దేవరా, నా కోడలు సచ్చిపోతాది" అన్నాడు. నేను బండిలోంచి చూస్తానే ఉండా. నాకు ఏడుపొచ్చింది పాపా, నొప్పులకు కాదు, ఆయన్నట్లా చూసి.

డ్రైవరు దిగొచ్చి మామ చేతులు పట్టుకున్నాడు. "అంత మాట నాకెందుకు సామీ. ఎక్కించండి, పని పోతే పోయింది." గుంత వచ్చిన కాడల్లా మెల్లగా నడిపినాడు.

మీ నాయన ఏడుపు ఆస్పత్రి వరండా దాకా ఇనపడిందంట. డ్రైవరు పోలేదు, ఆడనే కూసోనుండాడు. మామ ఆయప్ప పక్కన చతికిలబడి నవ్వుతాడంట, కండ్లు తుడుచుకుంటాడంట.

ఊరికొచ్చినాక పనోళ్ళతో, "ఆ మాట వద్దప్పా, అది అనాలంటే ఎట్లుంటాదో నాకు తెలిసొచ్చింది. అన్నా అంటే చాలు" అన్నాడు. వాళ్ళకు శానా దినాలు నోరు తిరగలా.

డ్రైవరు పేరు కాశీమో... కాదు కాదు, ఖాదరు. ఆయప్ప పని పోలేదులే, మీ నాయన పెండ్లికి కూడా వచ్చినాడు.

అట్లా అడుక్కునే కష్టం నీకు రాకూడదు తల్లీ. వచ్చినా, అట్లాంటోడే ఎదురుపడాల. సల్లగుండు.