చాట ముందరి ఫోను

వయసు మళ్లాక అక్షరాలు నేర్చాను. తప్పులుంటే, రాత నెమ్మదిగా సాగితే మన్నించండి.

కోడలు బీడీలు చుడుతోంది. చాట ముందర గోడకు ఫోను ఆనించి ఉంది. అత్తకు ఒళ్లు మండింది.

“ఫోనుతోనే కాపురం జేస్తవా ఏందే? జర తగ్గియ్యి.”

కోడలు గొంతు తగ్గించింది. “నేను సూస్తలేనత్తమ్మా. మీ కొడుకు సూస్తుండు.”

“దుబాయ్‌ల వానికి పని లేదా?”

“పని జేసుకుంటనే సూస్తడు. బందు వెడితే, ఇంటికి ఎవడచ్చిండని తిడ్తడు.”

“పొద్దంతనా?”

“తానానికైనా చెప్పే పోవాలె.”

అత్త లేచి ఫోనుకు అడ్డంగా కూర్చుంది. కోడలు కొంగుతో కళ్లు తుడుచుకుంది.

ఫోనులోంచి కొడుకు గొంతు వచ్చింది. “అమ్మా, పక్కకు జరుగు. అది కనవడ్తలేదు.”

అత్త కాసేపు కదల్లేదు. తర్వాత జరిగింది.

— కొక్కుల ఊర్మిల, అరవై మూడేళ్లు, ఇప్పుడు ఉండేది కోరుట్ల