సాబ్‌కు చెప్పని పేరు

"తాతా, మా ఎయిర్ అంబులెన్స్ ట్రైనింగ్‌ల ఒక ముచ్చట చెప్పిన్రు. పేషెంటు ఎవలు, ఎంత సీరియస్ అన్నది పైలట్‌కు అస్సలు చెప్పొద్దట. గదెందుకో నాకు సమజ్ కాలె. నువ్వు మస్కట్‌ల గీ పనే చేసినవ్ గదా?"

గీ పనే అంటే, నీ లెక్క ఏసీల కూసొని ఫోన్ ఎత్తే పని కాదు బిడ్డా. నాది ఎండల పని. సీబ్ ఎయిర్‌పోర్టుల చార్టర్ కంపెనీ. మనం పెండ్లికి కారు కిరాయికి మాట్లాడుకుంటం సూడు, గట్ల ఆడ విమానం మాట్లాడుకుంటరు. చిన్న జెట్లు రెండుండె. కాదు, నేను పోయినప్పుడు ఒకటే, రెండోది తర్వాత తెచ్చిన్రు. విమానం ఆగంగనే చక్రాలకు అడ్డం దిమ్మలు పెట్టుడు, ముంగట నిలబడి చేతులూపి దారి చూపుడు, ఇంజన్ తిరుగుతాంటె ఒక్క మనిషిని దగ్గరికి రానియ్యకుండ సూసుకునుడు. పేషెంటును తేవాల్నంటె నేను గూడ ఎక్కి పోవాలె, స్ట్రెచర్ మోసెతందుకు.

రూమ్ అజైబాల. ఐదుగురం ఉంటుంటిమి. అండ్ల కడప గౌస్ భాయ్ ఒకడు. మా ఆఫీసుల రేడియో, ఫోన్ ఆయనే చూస్తుండె. ఏం వండుతుండె బిడ్డా! శుక్రవారం ఆయన దాల్చా చేస్తే పక్క రూమోళ్ళు పళ్ళాలు పట్టుకొని వస్తుండె. వంద బైసలకు, అంటే ఆడి పైసలకు, కడక్ చాయ దొరికే కాలమది. ఇంటికి ఫోన్ చెయ్యాల్నంటె మాత్రం పానం మీదికొస్తుండె, అందుకే క్యాసెట్ల మాట్లాడి పంపుతుంటిమి. మీ అమ్మ చిన్నగున్నప్పుడు పద్యం చదివి పంపిన క్యాసెట్ ఒకటి... ఆ, ఏం చెప్తున్న? పైలట్ ముచ్చట.

మా కెప్టెన్ సాబ్ గోవాయన. మాట తక్కువ. ఆయన పెట్టిన కాయిదా ఏందంటే, పేషెంటు కోసం ఫోనొస్తే ఆయనకు రెండే ముక్కలు చెప్పాలె. మనిషి బరువెంత, పండుకొని వస్తడా కూసొని వస్తడా. పేరు చెప్పొద్దు, వయసు చెప్పొద్దు, పోరగాడా ముసలోడా చెప్పొద్దు. పోవుడా, వద్దా అని తేల్చినంకనే మిగిలినయి. ఎందుకు సాబ్ అని గౌస్ భాయ్ అడిగిండొకసారి. ఎనుకట వేరే దేశంల ఉన్నప్పుడు చిన్న పిల్ల అని చెప్పిన్రంట, ఈయన ఆగలేక మబ్బులల్ల పోయిండంట. ఎట్లనో పానాలతోని దిగిన్రంట. పిల్ల యాదికొస్తే మబ్బు కనిపిస్తలేదు అన్నడు. గంతే చెప్పిండు, మల్ల ఆ ముచ్చట ఎప్పుడూ తియ్యలె.

ఇగ మీ సొంత తాత కాలు ఎట్ల పోయిందో మీ అమ్మ నీకు చెప్పే ఉంటది, పైపు మీద వడ్డదని. నిజమే. మీ తాత, అంటే మా బావ, ఇబ్రి అవతల చమురు క్యాంపుల పైపుల యార్డుల పని. నేనే వీసా పంపి పిలిపిచ్చిన. మీ అమ్మమ్మ, అంటే మా అక్క, నా చెయ్యి పట్టుకొని, తమ్మీ, నీ కంటి ముంగట ఉంటడు, పైలం అన్నది. కంటి ముంగట ఏడుంటడు, మూడు గంటల తోవ.

ఆనాడు ఎండాకాలం, పగటి అన్నం తిన్నంక. నేను విమానం నీడల కూసున్న. గౌస్ భాయ్ ఉరికొచ్చిండు. ఇబ్రిల దవాఖానోళ్ళు గీ కాలు మాతోని కాదు, మస్కట్ తీస్కపోన్రి అన్నరంట, క్యాంపు దగ్గర తారు రన్‌వే ఉన్నదని ఆడికే తెచ్చి పెట్టిన్రంట. నా భుజం పట్టుకొని "మల్లేశం, మీ బావబ్బా" అన్నడు.

నేను గూడ ఆఫీసు దిక్కు ఉరికిన.

లోపలికి పోతే సాబ్ రేడియో ముంగట నిలబడ్డడు. అటుదిక్కు ఇసుక దుమారం లేసిందంట. క్యాంపు ఫోర్‌మన్ రేడియోల "రన్‌వే సాఫ్ హై సాబ్, ఆ జావ్" అని రమ్మంటున్నడు. సాబ్ నమ్మలె. బండి వేసుకొని ఈ కొస నుంచి ఆ కొస దాక తోలు అన్నడు, ఒంటెలున్నయా, ఇసుక కప్పిందా చూడమన్నడు. తోలి, ఏం లేదు సాబ్ అన్నడు. అయితే రన్‌వే నడుమ నిలబడు, కొసకు గుర్తుకు పెట్టిన డ్రమ్ము కనిపిస్తుందా చెప్పు అన్నడు.

ఫోర్‌మన్ మల్ల పోయి సూసిండు. రేడియోల "నహీ సాబ్" అని వచ్చింది.

గౌస్ భాయ్ నా చెవుల మెల్లగ అంటున్నడు, "ఒక్క మాట చెప్పబ్బా, మావోడని. ఆయప్ప కాదనడు." నాకు ఎర్కే, చెప్తే పోతడని. మన దగ్గర ఏ పనైనా గట్లనే గదా అయ్యేది? దవాఖానల మంచం కావాల్నన్నా, రైల్ల సీటు కావాల్నన్నా, మనోడే సార్ అంటం. నా నాలిక మీదిదాక వచ్చింది. కానీ ఆయన పోతే ఒక్కడే పోడు గదా. పక్కన చిన్న పైలట్, ఒక నర్సు. ఆ నర్సు కేరళ పిల్ల, పెండ్లి కుదిరింది. పండ్లు బిగవట్టి నిలబడ్డ.

సాబ్ గడియారం సూడలె, కిటికీల నుంచి సూడలె. రేడియోల చెప్పిండు. "మేం వస్తలేం. ఇప్పుడే అంబులెన్సుల ఎక్కిచ్చి రోడ్డు మీద పంపున్రి. గాలి తగ్గుతదేమోనని చూసుకుంట కూసుంటే అటు విమానం రాదు, ఇటు రోడ్డు టైం పోతది."

నాకు ఎంత కోపమొచ్చిందంటే బిడ్డా, ఆ మనిషిని కొట్టాల్ననిపిచ్చింది. నిజంగ. బయటికొచ్చి చక్రాల కాడ దిమ్మలు సర్దుకుంట ఏడ్చిన.

కొంచెంసేపటికి లోపలికి పోయి, దవాఖానకు పోవాలె, సెలవియ్యున్రి సాబ్ అన్న. ఎందుకన్నడు. ఆ వచ్చేటోడు మా అక్క మొగడు అన్న. ఆయన మొఖం తెల్లగైంది.

"చెప్పలేదేం?"

"మీరే చెప్పొద్దన్నరు గదా సాబ్."

తన కార్లనే నన్ను తీస్కపోయిండు. నేను దిగేటప్పుడు అన్నడు, "చెప్పుంటే నేను పోయేటోణ్ణి. పోయి ఏమయ్యేవాళ్ళమో నాకు తెల్వది."

మోకాలు కింది నుంచి తీసేసిన్రు. ముందుగాల వస్తే దక్కేదా అని అడిగితే డాక్టరు దక్కేదనలె, దక్కదనలె.

మీ అమ్మమ్మకు ఈ ముచ్చట గౌస్ భాయ్ నోట్లకెల్లే తెలిసింది. మంచోడే, కానీ కడుపుల మాట ఆగదు. నేను ఊరికి పోతే నా ముంగట పళ్ళెం పెట్టి అటు తిరిగి కూసునేది. "నోరు లేదారా నీకు? గాడనే నిలబడి ఒక్క మాట అనలేదు" అనేది. నేను తల వంచుకొని తింటుంటి.

బావ మాత్రం దవాఖానలనే నాతోని ఒక మాట అన్నడు. విమానం ఎప్పుడొస్తదని మొగులుకు చూసినవా బావా అని అడిగిన. లేదురా అన్నడు. పికప్ బండిల పండుకొని, దుమ్ముల నా చెయ్యి నాకే కనిపిస్తలేదు, విమానం రావద్దని మొక్కిన అన్నడు. ఎందుకే అంటే, "వస్తే స్ట్రెచర్ మోసెతందుకు నువ్వే వస్తవని ఎర్క. నా కాలు పోతే పాయె, మీ అక్కకు ఇద్దరం ఒక్కనాడే పోవుడేంది?"

మల్ల ఆయనే, "ఇది మీ అక్కకు చెప్పకు. కోపం నా మీదికి మళ్ళుతది. నేను రోజూ ఆమె చేతి అన్నం తినాలె, నువ్వైతే దూరముంటవ్" అన్నడు. కాలు పోయి పండుకున్న మనిషి! నాకు ఏడుపూ వచ్చింది, నవ్వూ వచ్చింది. చెప్పలె. ఆమె పోయేదాక చెప్పలె. ఆ కోపం నేనే మోసిన. ఇప్పుడు నువ్వు అడిగినవ్ గనుక...

ఇగో, ఇను. నువ్వు చల్లగుండాలె, నీ డ్యూటీ చల్లగ నడవాలె. నీ ఫోన్ల ఎన్నడు మనోళ్ళ పేరు రావద్దని నేనైతే దేవునికి మొక్కుతనే ఉంట. కానీ ఒకవేళ వచ్చిందనుకో, పైలట్‌కు చెప్పకు బిడ్డా. కడుపుల పెట్టుకునుడు శానా కష్టమైతది. నీతోని కాకపోతే నాకు ఫోన్ చెయ్యి. ఏ జామైనా సరే, నాకు చెప్పు.