చెరువు దిగిన మాస్టారు

"అమ్మమ్మా, ఇథియోపియాలో నీకు జీతం ఎంతిచ్చేవాళ్ళు?"

జీతమా? అడుగుతావులే మరి, నీకూ విదేశీ యూనివర్సిటీ నుంచి ఉద్యోగం లెటరొచ్చిందిగా. చెప్తాను. ముందు ఆ ఫ్యాను కాస్త తగ్గించమ్మా, నా గొంతు నాకే వినపడట్లేదు.

పీహెచ్‌డీ చేసి గుడివాడలో ప్రైవేటు కాలేజీలో జువాలజీ చెప్పేదాన్ని. నాలుగు వేలు. కాదు కాదు, నాలుగు వేలు తర్వాత సంగతి, చేరినప్పుడు పద్దెనిమిది వందలే. అదీ ఎండాకాలం సెలవుల్లో ఇచ్చేవాళ్ళు కాదు. ఇథియోపియా వాళ్ళు హైదరాబాదులో ఏదో హోటల్లో ఇంటర్వ్యూలు పెట్టారంటే వెళ్ళాను. ఐదు నిమిషాలు పాఠం చెప్పమన్నారు, చేప మొప్పల గురించి చెప్పా. నెలకి తొమ్మిదొందల డాలర్లన్నారు. అప్పట్లో డాలరు నలభై ఐదు రూపాయలు. వేళ్ళ మీద లెక్కేసుకుని, తప్పేమోనని మళ్ళీ వేసుకున్నా. గుడివాడలో బస్సు దిగి బందరు లడ్డు కిలో కొన్నాను, ధర అడక్కుండా. అంతకుముందు ఎప్పుడూ అలా కొన్లేదు.

ఇంక మీ తాతయ్య. కృత్తివెన్ను దగ్గర రొయ్యల చెరువులుండేవి, ఆయనకి. పదిమంది పనివాళ్ళు. తెల్లమచ్చ తెగులు వరసగా రెండు పంటలు ఊడ్చేసింది, చెరువులు అమ్మేశాం. అప్పట్నుంచి పేపరు చదవడం, చదివిందే మళ్ళీ చదవడం. ఇంటర్ తప్పాడు కదా, ఉద్యోగం ఎవరిస్తారు. నాతో రమ్మన్నాను. వీసా కాగితంలో డిపెండెంట్ అని రాశారు. "నీ సంచి మోస్తూ వస్తాలే" అన్నాడు నవ్వుతూ. అది నవ్వు కాదని నాకు తెలుసు.

అక్కడ చలి. మనం అనుకున్నట్టు ఎడారి కాదు, ఎత్తైన ఊరు, పొద్దున్నే స్వెట్టర్ వేసుకోవాలి. ఇంజెరా అని పుల్లటి అట్టు, ఇంత వెడల్పు. మీ తాతయ్య దాన్ని ఆవకాయతో తినేవాడు. ఏం చెప్తున్నాను? ఆఁ, క్లాసు. చేపల పెంపకం నాకిచ్చారు. గుడివాడలో చెప్పినట్టే నోట్సు చెప్పాను, కామాతో సహా. ఇక్కడైతే నోట్సు చెప్పే మేడమంటే దండం పెడతారు. అక్కడ వెనక బెంచీలో ఓ పిల్ల లేచి, "మేడమ్, మీరెప్పుడైనా చెరువులో దిగారా?" అంది.

దిగానన్నాను. అబద్ధం. చెరువుల ఇంటి కోడల్ని, చీర తడుస్తుందని ఒక్కరోజు గట్టు దిగిన పాపాన పోలేదు. అయితే గురువారం మాకు చూపించండి, మన డిపార్టుమెంటు వెనకే చెరువుందిగా, అంది ఆ పిల్ల. ఆ సెమిస్టరంతా ఏదో వంక చెప్పి తప్పించుకున్నా.

అక్కడ పిల్లలే మనకి మార్కులు వేస్తారు, తెలుసా. విదేశీ లెక్చరర్ల కాంట్రాక్టు ఆ మార్కుల మీదే నడుస్తుంది. మొదటి సెమిస్టర్లో నాకే అందరికంటే తక్కువొచ్చాయి. తెస్ఫాయె అని మా డిపార్టుమెంటు హెడ్డు, మంచి మనిషి, కాఫీ తాగుతూ మెల్లగా చెప్పాడు, ఇంకోసారి ఇలాగే వస్తే నేనేం చెయ్యలేను మేడమ్ అని. ఇంటికొచ్చి ఏడ్చాను. మీ తాతయ్య అంతా విని, "చెరువెక్కడ?" అన్నాడు.

ఆ వచ్చే గురువారం తెల్లవారుతుండగా వెళ్ళాం. చేపలన్నీ పైకొచ్చి నోళ్ళు తెరుస్తున్నాయి. వాచ్‌మేన్ సంబరంగా, చూడండి ఆకలేస్తోంది వాటికి అని, క్యాంటీన్లో మిగిలిన ఇంజెరా బకెట్టు కుమ్మరించబోయాడు. మీ తాతయ్య ఆ బకెట్టు లాగి అవతల పారేసి, ప్యాంటు స్వెట్టరుతో దూకేశాడు నీళ్ళల్లోకి. చేతుల్తో నీళ్ళు బాదుతున్నాడు. "చూస్తావేంటి, దిగు. గాలి ఆడక చచ్చిపోతున్నాయి."

దిగాను. మోకాలి దాకా బురద, ఆ చలికి పళ్ళు టకటకా కొట్టుకున్నాయి. టిఫిన్‌కి వెళ్ళే పిల్లలు ఒక్కొక్కళ్ళే ఆగారు, ఆ వెనక బెంచీ పిల్ల కూడా. ఏం చెయ్యాలో చూసి వాళ్ళూ దిగారు. ఎండెక్కేసరికి చేపలు లోపలికెళ్ళాయి. అప్పుడు మీ తాతయ్య అడుగునుంచి గుప్పెడు బురద తీసి ఆ పిల్ల ముక్కు దగ్గర పెట్టాడు. "స్మెల్. బ్యాడ్. ఫుడ్ టూ మచ్." మిగిలిన మేత అడుగున కుళ్ళి నీళ్ళల్లో గాలి తినేస్తుందని, అంతే పాఠం. అందరూ వాసన చూశారు. నేనూ చూసి, "నేను చెరువు దిగడం ఇదే మొదలు, ఆరోజు అబద్ధం చెప్పాను" అన్నాను పిల్లలతో. పెద్దగా నవ్వారు, నేనూ నవ్వాను.

అప్పట్నుంచి గురువారం గురువారం గట్టు మీదే క్లాసు. ఆయన తెలుగులో చెప్పేవాడు, నేను ఇంగ్లీషులో పెట్టేదాన్ని. మెమ్హిర్ అని పిలిచేవాళ్ళు ఆయన్ని, అంటే వాళ్ళ భాషలో మాస్టారని. నా మార్కులు పెరిగాయి, కాంట్రాక్టూ పొడిగించారు.

ఇంక ధైర్యమొచ్చి, ఆయనకీ ఎంతో కొంత ఇప్పించండని తెస్ఫాయెని అడిగాను. డిగ్రీ లేదు కదా, కుదరదన్నాడు. ఆ మాట మీదే అన్నాడు, "మేడమ్, నా జీతం మీ దాంట్లో మూడోవంతు కూడా ఉండదు. మీకు డాలర్లు, మాకు మా ఊరి డబ్బు. చెప్పేవి అవే క్లాసులు." కోపంగా కాదమ్మా, మామూలుగానే అన్నాడు. అప్పటికి రెండేళ్ళుగా నా కాఫీ డబ్బులు ఆయనే ఇస్తున్నాడు. సిగ్గుతో చచ్చిపోయాను. ఆ తర్వాత స్టాఫ్ రూములో జీతం మాట ఎత్తలేదు, కాఫీ డబ్బులు మాత్రం నేనే ఇచ్చేదాన్ని.

వచ్చేసే రోజు తెస్ఫాయె ఒక కాగితం టైపు చేయించి తెచ్చాడు. ఈయన నాలుగేళ్ళు మా పిల్లలకి చెరువు పని నేర్పారు, జీతం తీసుకోలేదు అని. కింద సంతకం, డిపార్టుమెంటు స్టాంపు. డబ్బు ఇప్పించలేకపోయాడు గానీ స్టాంపు ఆయన చేతిలోదేగా. మీ తాతయ్య దాన్ని విమానంలో ఒళ్ళోనే పెట్టుకుని కూర్చున్నాడు, సంచిలో పెట్టనివ్వలేదు నన్ను.

నువ్వు సంతకం పెట్టెయ్ తల్లీ, ఏం ఆలోచించకు. నీ పక్క టేబుల్ వాళ్ళకి ఎంతిస్తున్నారో మాత్రం మొదటి నెల్లోనే తెలుసుకో, నాలాగా రెండేళ్ళు పట్టించుకోకుండా ఉండకు. మీ ఆయన నీతో వస్తే, ఆ అబ్బాయికేం వచ్చో అదీ నలుగురికీ చెప్పు. దేవుడు మీ ఇద్దర్నీ చల్లగా చూడాలి.

అదిగో, ఆ గోడ మీదున్నది ఆ కాగితమే. రోజూ పొద్దున్నే తువ్వాలుతో తుడుస్తాడు. నా పీహెచ్‌డీ సర్టిఫికెట్టా? ఏ బీరువాలో ఉందో, వెతకాలి...