తారులో అంటుకున్న చెప్పు

అమీర్‌పేటలో కోచింగ్ బోర్డుల కింద టీ బండి పెట్టుకున్న యేసుమణికి ఆ మధ్యాహ్నం చేయి నిలవడం లేదు. కడిగిన గ్లాసునే మళ్ళీ కడుగుతోంది. కారణం, బండి పక్కన స్టూలు మీద ముడుచుకుని కూర్చున్న కొడుకు మార్క్. నిలబడితే టార్పాలిన్ పట్టా తలకి తగిలేంత పొడుగు. అందుకని వాడు ఎక్కడున్నా వంగే ఉంటాడు. నాలుగింటికి పంజాగుట్టలో వాళ్ళ కాలేజీ గ్రౌండులో బాస్కెట్‌బాల్ జట్టుకి ఎంపిక. వాడేమో లేవడు. ఒక కాలు నేలకేసి కొట్టుకుంటూ, ఎవరో చేతిలో పెట్టిన జావా కోర్సు కరపత్రాన్ని మడతపెడుతున్నాడు, విప్పుతున్నాడు, మళ్ళీ మడతపెడుతున్నాడు.

"వెళ్ళవా నాన్నా?"

"వెళ్ళి ఏం చెయ్యాలమ్మా? రింగు కింద చేతులెత్తి నిలబడు, బంతి మాత్రం ముట్టుకోకు అంటాడు మా సారు. దానికి నేనెందుకు, కరెంటు స్తంభం చాలదా? ఇవాళ్టితో ఆట మానేస్తా. జావాలో చేరతా."

యేసుమణికి ఆ ఆట తెలీదు. ఆడేటప్పుడు మాత్రం వాడి వెన్ను నిటారుగా ఉంటుందని తెలుసు. ఆ సంగతి ఎలా చెప్పాలో తెలీక, పాలు పొంగబెట్టుకుంది.

ఎస్.ఆర్. నగర్‌లో హాస్టలు నడిపే హనుమత్ప్రసాద్ గారు అప్పుడే వచ్చారు. 'స్తంభం' అన్న మాట చెవిన పడింది. బెంచీ చివర కూర్చోబోయినవారు మధ్యకి జరిగారు. అది చూసి షేర్ ఆటో తోలే రాజనర్సయ్య బీడీ ఆర్పేసి దగ్గరికొచ్చాడు. ప్రసాద్ గారు మధ్యలో కూర్చున్నారంటే ఏదో కోత ఉందన్నమాటే.

"పొడుగువాణ్ణి స్తంభంలా నిలబెట్టేవాడు కోచ్ ఏంటండీ? మా హాస్టల్లో వీర్రాజని ఒక కుర్రాడుండేవాడు. మరీ అంత పొడుగేం కాదు, గుమ్మంలో కాస్త తల వంచేవాడు, అంతే. బంతి ఇస్తే జారవిడిచేవాడు. సాయంత్రాలు కాసేపు నేర్పాను. నేను చేసిందల్లా అదే."

"గంతేనా?" రాజనర్సయ్య నిరాశపడ్డాడు.

"అంతేనంటే, మా మెస్సు భోజనం పడ్డాక ఇంకొంచెం సాగాడనుకో. పడుకుంటే తల మా హాస్టల్లో, కాళ్ళు పక్క హాస్టల్లో. అక్కడి వార్డెను రోజూ కాళ్ళకి అటెండెన్సు వేసుకునేవాడు. అయినా నేను పొంగిపోలేదు. ఎందుకంటే, పొడుగు వాళ్ళమ్మ ఇచ్చింది. చేతులూ కాళ్ళూ నేర్పాల్సింది మనమే కదా?"

యేసుమణి గరిటె ఆగింది.

"చేతులకి ఏం చేశానో తెలుసా? మైత్రీవనం దగ్గర నడిరోడ్డు మీద, ఆఫీసులు వదిలే వేళ, బంతి నేలకి కొట్టుకుంటూ రమ్మన్నాను. ఆ బంతి బస్సు ఈ కిటికీలోంచి దూరి ఆ కిటికీలోంచి వచ్చేది. కండక్టరు టికెట్టు చింపేలోపు దిగిపోయేది!"

"నేను గీ రోడ్డు మీదనే ఆటో తోలుతున్న సాబ్. నాకెన్నడు కనబడలే."

"వేగం రాజనర్సయ్యా, వేగం! ఇక కాళ్ళు. మే నెల, ఎండకి రోడ్డు తారు కరిగింది. వాడి కుడికాలి చెప్పు అందులో అంటుకుపోయింది. లాగబోతుంటే, ఆగరా, అన్నాను. చేతిలో కరపత్రాల కట్ట పెట్టాను. ఆ కాలు కదలకూడదు, మిగతా ఒళ్ళంతా తిరగాలి అన్నాను. ఇటు తిరిగి ఒకడికి, అటు తిరిగి ఒకడికి, వెనక్కి తిరిగి ఎర్రమంజిల్ పోయేవాడికి! తిరిగిన గాలికి పైన బ్యానర్లన్నీ చిరిగి, సాయంత్రానికి ఏది జావానో ఏది ఒరాకిలో తెలీక పిల్లలంతా తప్పు క్లాసుల్లో కూర్చున్నారు!"

మార్క్ కాలు నేలకి కొట్టుకోవడం మానేసింది.

"ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఫైనల్ మ్యాచ్! వీర్రాజు బంతి అందుకున్నాడు. చంటిపిల్లాణ్ణి ఎత్తుకున్నట్టు చంకలో పెట్టుకున్నాడు. ఈ రింగు దగ్గర్నుంచి ఆ రింగు దాకా ఒకటే పరుగు! ఒక్కడు అడ్డొస్తే ఒట్టు! రిఫరీ ఈల వేశాడు. రెండు పిడికిళ్ళూ ఒకదాని చుట్టూ ఒకటి ఇలా చక్రాల్లా తిప్పుతూ, 'ట్రావెలింగ్!' అని అరిచాడు. నాకు కళ్ళనీళ్ళాగలేదు. ఆట మధ్యలోనే సెలక్షన్! ఢిల్లీ ప్రయాణం ఖాయం!"

"ఏ ట్రావెల్సు సాబ్? వోల్వోనా?"

"వినవయ్యా! మళ్ళీ పరిగెత్తాడు, మళ్ళీ ఈల. బొంబాయి! మళ్ళీ ఈల. కలకత్తా! ఆఖరి ఈలకి సింగపూరు! అవతలి కోచ్ వచ్చి నా కాళ్ళు పట్టుకున్నాడు, మా పిల్లలకి కనీసం విజయవాడైనా ఇప్పించండి సార్, అని."

మార్క్ నోట్లో టీ ముక్కులోకి పోయింది. నవ్వాడు. వారం రోజులుగా నవ్వనివాడు స్టూలు మీంచి పడిపోయేలా నవ్వాడు.

"అంకుల్, ట్రావెలింగ్ అంటే తప్పు! బంతి నేలకి కొట్టకుండా నడిచేస్తే ఈల వేస్తారు. బంతి లాక్కుని అవతలి జట్టుకి ఇచ్చేస్తారు."

ప్రసాద్ గారు గ్లాసు కింద పెట్టారు. "సింగపూరు కూడానా?"

"అన్నీ."

"అయ్యో సాబ్, గన్ని ఊర్లు తిరిగి బంతి ఇచ్చొచ్చిండా!" రాజనర్సయ్య తొడ చరుచుకున్నాడు.

నవ్వుతూ నవ్వుతూనే మార్క్ ముఖం మారింది. "నాకూ అదే ఈలమ్మా. బంతి చేతికి రాగానే నా రెండు కాళ్ళూ కదిలిపోతాయి. అందుకే ముట్టుకోకు అన్నాడు సారు. ఒక కాలు నేలకి నిలిపి, రెండోదాంతో తిరగాలట. అదెలాగో ఎవ్వరూ చూపించలేదు." ఆగి, ప్రసాద్ గారి వైపు తిరిగాడు. "అంకుల్, ఆ తారులో చెప్పు సంగతి కూడా ఉత్తిదేనా?"

ప్రసాద్ గారు బెంచీ చివరికి జరిగి, తన చెప్పుల వంక చూసుకున్నారు. కోతలు కోసే గొంతు ఒక మెట్టు దిగింది.

"వీర్రాజు సంగతి వదిలెయ్ బాబూ. చెప్పు మాత్రం నాదే. హాస్టలు పెట్టకముందు ఈ రోడ్డు మీద కరపత్రాలు పంచింది నేనే."

మార్క్ లేచాడు. ఈసారి వంగలేదు. తల తగిలి పట్టా గుడారంలా పైకి లేచింది. కుడికాలు గట్టిగా నేలకి నొక్కాడు. తల్లి చేతిలోంచి టీ గ్లాసు అందుకుని, ఇటు తిరిగి రాజనర్సయ్యకి ఇచ్చాడు. ఇంకోటి అందుకుని, అటు తిరిగి ప్రసాద్ గారికి. చుక్క ఒలకలేదు. కాలు వంక చూసుకున్నాడు. ఉన్నచోటే ఉంది.

"అన్నా, పంజాగుట్ట. జల్దీ!"

"ఎక్కు, ఎక్కు. జర తల లోపల పెట్టు, సిగ్నల్‌కు తాకుతది!"

జావా కరపత్రం స్టూలు మీదే ఉండిపోయింది. దాన్ని మడిచి యేసుమణి పొయ్యి దగ్గర మసిగుడ్డ కింద పెట్టింది, వేడి గిన్నె దించడానికి పనికొస్తుందని. ఆటో మలుపు తిరిగేదాకా చూస్తూ నిలబడింది.

ప్రసాద్ గారు మెల్లగా మళ్ళీ బెంచీ మధ్యకి జరిగారు. "చూశావా యేసుమణమ్మా? ఒక్క పూటలో తయారుచేశాను. రేపు వీడు ఇండియా జట్టులో ఆడతాడు, ఎల్లుండి..."

గిరాకీలతో 'ఎన్ని టీలు' అన్న మాట తప్ప ఇంకోటి అనని యేసుమణి, గరిటె పక్కన పెట్టింది. కొంగుకి చేతులు తుడుచుకుంది. తలొంచుకునే, రెండు పిడికిళ్ళూ ఒకదాని చుట్టూ ఒకటి చక్రాల్లా తిప్పింది.

ప్రసాద్ గారు టీ గ్లాసుతో సహా బెంచీ చివరికి జరిగారు.