రెండో పోస్టు వల

"నారాయణమ్మా, ఇంకో గ్లాసు టీ పొయ్యి. ఇయ్యాల నా నోట్లోంచి అబద్ధం ఒక్కటంటే ఒక్కటి రాదు" అన్నాడు గంగులు, భావనపాడు రేవు దగ్గర టీ కొట్టు బల్ల మీద కాలు మీద కాలేసుకుని.

"రోజూ అలగే మొదలెడతావు" అంది నారాయణమ్మ గ్లాసు ముందు పెడుతూ. పక్కనున్న నాగబాబు కిసుక్కున నవ్వాడు.

"నవ్వకు బావా. మన డిగ్రీ కాలేజీ ఆడగుంటల ఫుట్‌బాలు టీము లీగులోకి ఎలగెల్లినాదో ఊర్లో ఎవులికైనా తెలుసా? తొమ్మిదేళ్లు బావా, తొమ్మిదేళ్లు ఏ లీగులోనూ నేకుండా ఒంటిగా ఆడినారు. ఎవులు రమ్మంటే ఆలతోటే ఆట. కోటబొమ్మాళి రైల్వే ఓల్లతోటి ఒకపాలి, పెళ్లికొచ్చిన మగపెళ్లోల్లతోటి ఇంకోపాలి. గెలిసినా సప్పట్లే, ఓడినా సప్పట్లే, సర్టిఫికెట్టు మాత్రం నేదు. లీగులో ఆడితే గాని అది ఇవ్వరు. అది నేకపోతే మన గోలుకీపరు దేవి ఉన్నాది సూడు, ఆ గుంటకి డ్రిల్లు టీచరు సదువులో సీటు రాదు. దానికి కాలేజీలో ఇదే ఆఖరి ఏడు. అప్పుడు నానేటి సేసినాను? పెద్దగా ఏటీ నేదు. లీగు సెక్రటరీ అనంతపద్మనాభం గారు మన గ్రౌండు సూడ్డానికి శ్రీకూర్మం నుంచి వచ్చినప్పుడు ఒక దండం ఎట్టి, 'బాబూ, మా గుంటల్ని సేర్చుకోండి' అన్నాను. అంతే."

"అంతేనా?" అన్నాడు నాగబాబు, నమ్మలేక.

"అంతటితో అయిపోతే నీకు సెప్పడమెందుకు? ఆ బాబు ధర్మాత్ముడు, ఆయన కడుపు సల్లగుండాల. కాపోతే రూలంటే రూలే. 'గంగులు గారూ' అన్నారు..."

"గారూ అన్నారేటి?"

"రెండుపాలీలు అన్నారు. 'గంగులు గారూ, రెండు పోస్టులకీ వలలుండాలి. తరవాత మీ పిల్లల ఆట నా కళ్లతో చూడాలి. రెండూ బాగుంటేనే లీగు' అన్నారు. వలలంటావా, అది సిన్న ఇసయం, ఎక్కడివో వచ్చినాయిలే." అక్కడ గంగులు గబగబా రెండు గుక్కల టీ తాగేశాడు. "ఆట మొదలైనాది. ఇంకో కాలేజీ ఓల్లు లారీల్లాగున్నారు. మనోల్లు ఒక గోలు ఎనకబడ్డారు. కెప్టెను గుంటకి కాలు మడత పడిపోనాది. అందరూ నా కాసే సూస్తన్నారు. 'మావా, నువ్వు దిగకపోతే మన బతుకు ఇంతే' అన్నారు."

"ఆడగుంటల ఆటలో నువ్వు దిగినావా?"

"ఏభై దాటిన మగోడు దిగకూడదని రూలు పుస్తకంలో ఎక్కడా రాయనేదు. నాను ఎతికించినాను. లుంగీ ఎగ్గట్టి ఒక్క తన్ను తన్నినాను సూడు! ఆ తరవాత ఏటైనాదో తెలుసా? బాలు పోస్టు దాటిపోనాది, సరుగుడు తోట దాటిపోనాది, లైటుహౌసు మీదనుంచి ఎల్లి సముద్రంలో పడ్డాది. ఏటకెల్లిన బోట్లోల్లు తుపానొచ్చినాదనుకొని లంగరేసినారు. నీళ్లలో ఏటున్నాది?"

"ఏటున్నాది?" అంది నారాయణమ్మ, పాలగిన్నె దించుతూ.

"సొర! మొన్న నా బోటంత అన్నాను గదా, తప్పు. రెండు బోట్లంత. ఆ సొర ఎగిరి తలతోటి బాలుని ఎనక్కి కొట్టినాది. బాలు తిన్నగా వచ్చి గోల్లో పడ్డాది. దానికి ఒక సందువ సేప అంటుకొని ఇంకా కొట్టుకుంతన్నాది! రిఫరీ ఈల నోట్లోంచి జారిపోనాది. అనంతపద్మనాభం గారు కళ్లజోడు తీసి, 'నా సర్వీసులో చేపతో సహా గోలు చూడలేదు' అని కళ్లు తుడుసుకున్నారు. నన్ను అలగే కావిలించుకున్నారు, దేవుడి తోడు."

"మరి సందువా?"

"ఆ బాబు సేపలు తినరని రిఫరీకి ఇచ్చీసినాం. అడ్డు రాకు. అక్కడితో అయిపోనేదు. ఒడిసా లీగోల్లు 'ఆసొంతు, ఆసొంతు' అని, రండి రండని ఆల బాసలో ఫోను. కలకత్తావోల్లు ఫోను. ఫ్రాన్సోల్లు ఇమానం పంపిస్తామన్నారు. నానే, 'మా శ్రీకూర్మం బాబుకి మాటిచ్చీసినాం, ఏటీ అనుకోకండి' అని పెట్టీసినాను. ఇంతలో ఆ సొరకి కోపమొచ్చి, బాలు కోసం ఒడ్డుదాకా వచ్చి, నా కొత్త వల కొరికి ముక్కలు ముక్కలు సేసీసినాది. అందుకే బావా, నెల్రోజులైనాది నాను ఏటకెల్లి. మా ఇంటిది గున్నమ్మకీ అదే సెప్పినాను, పాపం నమ్మినాది."

"మావా, సొర కొరికితే వల అంచు కత్తితోటి కోసినట్టు తిన్నగా ఉంటాదేటి?"

అందరూ వెనక్కి తిరిగారు. దేవి సైకిలు పట్టుకుని నిలబడి ఉంది, చేతిలో ఒక కవరు. ఎంతసేపటి నుంచి వింటోందో తెలియదు.

"ఆ రోజు నువ్వు ఒక్క తన్నూ తన్ననేదు మావా. కాలేజీలో వలలు నేవని తెలిసి, నీ కొత్త వల కోసి తెచ్చి నా పోస్టుకి కట్టినావు. ఆటయ్యిందాకా దాని ఎనకాల కూకొని ముడులు ఏస్తనే ఉన్నావు. సగం ఆటయ్యాక నాను అటు పోస్టుకి మారినా నువ్వు కదలనేదు. నాను ఇటున్నంతసేపూ బాలు వచ్చినప్పుడల్లా 'ఆపవే తల్లీ, ఆపవే' అని నీ గొణుగుడు నాకు ఇనపడతనే ఉన్నాది. ఒకటి కాదు, నాలుగు ఆపినాను."

"ఒసే, నెమ్మదిగా! గున్నమ్మ ఇంటే నన్ను సంపీస్తాది" అన్నాడు గంగులు, కాలు కిందికి దించేసి.

"ఒడ్డు మీద అలివి వల లాగినప్పుడు తాడు మీద సెయ్యేసినోల్లకి తలా ఒక వాటా. వల ఇచ్చినోల్లకి రెండు వాటాలు. అవునా, కాదా?"

"అవును. తాతల్నాటి కట్టు అది."

"అయితే ఇయిగో నీ ఇంటికి రెండు వాటాలు." దేవి కవరులోంచి రెండు పాసులు తీసి అతని చేతిలో పెట్టింది. "ఆదివారం లీగులో మన మొదటి ఆట. ముందు వరసలో కుర్చీలు. అనంతపద్మనాభం గారే సంతకం ఎట్టి ఇచ్చినారు. నీ వల నేకపోతే నాకు లీగూ నేదు, సీటు మీద ఆశా నేదు మావా. నా సర్టిఫికెట్టు ముందు నీకే సూపిస్తాను."

గంగులు పాసులు రెండూ కళ్లకద్దుకున్నాడు. తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. "నా తల్లే. ఆ బాబూ, మీరూ సల్లగుండాల. నాకదే సాలు" అన్నాడు. తరవాత రెండో పాసు పైకెత్తి చూపించాడు. "మరి రెండో కుర్చీ ఎవులికే? ఆ సొరకా?"

"గున్నమ్మత్తకి."

"దానికెందుకు?"

"అటు పోస్టు వల ఎక్కడిదనుకున్నావు?"

"కాలేజీ ఓల్లు తెచ్చినారు గదా..."

"కాలేజీ ఓల్లెవులూ తేనేదు. నువ్వు వల కోసిన కత్తిపీటకి నీలం నైలాను దారాలు అంటుకొని ఉంటే, సేపలు కొయ్యబోయి అత్త సూసీసినాది. పుట్టింటినుంచి తెచ్చుకున్న పాత వల అటక మీదనుంచి దింపి, సంకనెట్టుకొని గ్రౌండుకి వచ్చినాది. తనే కట్టినాది. నిన్న నాను మావకి సెప్తానంటే వద్దన్నాది."

"ఎందుకొద్దన్నాది?"

"'సెప్పకే తల్లీ, ఆ సొర రోజురోజుకీ ఎంత పెరుగుతాదో సూడాల' అన్నాది."